ఎత్తెక్కని వ్యాను

ప్రేమకుమారి షెడ్డులోకి అడుగుపెట్టేసరికి కాటమరాజు జాకీ రాడ్డు మళ్ళీ ఎత్తాడు. సర్వీసు గుంతలో చేతులు కట్టేసి పడేసిన మనిషి, దెబ్బ ఎక్కడ పడుతుందో తెలియక మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకున్నాడు. రాడ్డు అతని కుడి చీలమండ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గుమ్మం దాకా వినిపించింది.

ఆ మనిషి మోషే. ఆ షెడ్డు అతనిదే. గిద్దలూరు చివర, రైలు కట్ట పక్కన, ఏళ్ళ తరబడి కార్లు బాగుచేస్తున్నాడు. ప్రేమకుమారి వెనకే వచ్చిన అతని భార్య మార్తమ్మ షట్టర్ చట్రం పట్టుకుని నిలబడిపోయింది. అరవలేదు. తను మార్కాపురం వెళ్ళి ఈ డిటెక్టివును వెంటబెట్టుకుని వచ్చేలోపల ఇంత జరుగుతుందని ఆమె అనుకోలేదు.

"రాడ్డు కింద పెట్టు, కాటమరాజూ," అంది ప్రేమకుమారి.

కాటమరాజు గుంతలోనుంచి తల తిప్పి చూశాడు. "రండి మేడం. ఇంకొంచెం సేపుంటే ఒప్పుకుంటాడు. విని పోదురుగాని."

గుంత అంచున కాపలా ఉన్న యల్లయ్య వచ్చి ఆమె భుజం పట్టుకుని వెనక్కి నెట్టాడు. ప్రేమకుమారి బల్ల మీది వీల్ స్పానర్ అందుకుని అతని మణికట్టు మీద కొట్టింది. యల్లయ్య కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూలబడ్డాడు.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది ఎండాకాలం అది. ప్రేమకుమారిది పుల్లలచెరువు దగ్గర పల్లె. ఆటోమొబైల్ ఇంజనీరింగ్ చదివి కొంతకాలం బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసింది. పై అధికారితో పడక ఆ ఉద్యోగం వదిలేసి మార్కాపురంలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. కాటమరాజు ఒకప్పుడు పోలీసు. మనిషిని కొట్టి చంపినంత పని చేసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇప్పుడు అదే విద్యను కూలికి అమ్ముతున్నాడు. ఇద్దరూ ఇంతకు ముందు కూడా ఒకే కేసులో ఎదురుపడ్డారు. అప్పుడు కూడా ఆమె నిజం పట్టుకుంటే, అతను ముందుగానే ఎవరిచేతనో ఒప్పించి కూర్చున్నాడు.

"ఆపండి," అన్నారు ఎవరో షెడ్డు మూలనుంచి.

ప్లాస్టిక్ కుర్చీలో బాలయ్య కూర్చుని ఉన్నాడు. గొర్రెల వ్యాపారి. పామూరు సంతనుంచి నంద్యాల దాకా అతని మాట చెల్లుతుంది. ఊరి బయట తోళ్ళు ఉప్పేసి ఆరబెట్టే గోడౌను కూడా ఉంది. చనిపోయిన చెంచయ్య అతని సొంత తమ్ముడు. దినాలకు గీయించుకున్న గుండు మీద వెంట్రుకలు ఇంకా సరిగ్గా మొలవలేదు. కాటమరాజును కుదుర్చుకున్నది అతనే.

"మా తమ్ముడిని చంపినోడు నాకు కావాల," అన్నాడు బాలయ్య. "వీడు కాదంటే ఎవడో చెప్పమ్మా. చెప్పలేకపోతే పక్కకు జరుగు."

చూపిస్తానని, అందుకు మోషేను అడగనివ్వాలని, వ్యానును చూడనివ్వాలని ప్రేమకుమారి చెప్పింది. బాలయ్య తలాడించాడు. మోషేను మాత్రం పైకి తియ్యనని కాటమరాజు పట్టుబట్టాడు. పరిగెత్తి పోవడానికి కాలే లేదు కదా అని ఆమె అంటే, నోరు ఉంది కదా అన్నాడు. ప్రేమకుమారి గుంత అంచునే కూర్చుంది.

జరిగింది ఊరందరికీ తెలుసు. చెంచయ్య మారుతీ వ్యానులో గిద్దలూరునుంచి నంద్యాలకు రోజూ మనుషులను తిప్పేవాడు. పెట్రోలు బండికి గ్యాస్ కిట్ పెట్టించుకున్నాడు. కొన్నాళ్ళుగా ఆ బండి దిగువమెట్ట దాటి కొండ ఘాటు ఎక్కేచోట ఇంజను మిస్సింగ్ కొట్టి ఆగిపోతోంది. మోషే ఎన్నిసార్లు చూసినా రోగం పోలేదు. చివరికి ఒక సాయంత్రం చెంచయ్య షెడ్డుకు వచ్చి అందరి ముందు మోషే చెంప పగలగొట్టాడు. మోషే పానా ఎత్తాడు. పక్కవాళ్ళు విడదీశారు. మర్నాడు పొద్దెక్కాక ఘాటు మీద, రోడ్డు పక్క పొదల్లో, తల పగిలిన చెంచయ్యను గొర్రెల కాపరులు చూశారు. ప్రయాణికులు ఎవరూ లేరు, ఒంటరిగా వెళ్ళాడు. వ్యాను వెనక సీటు ఊడదీసి రోడ్డు మీద ఉంది. శవం పక్కన నెత్తురంటిన పానా ఉంది. అది మోషేది. పోలీసులు మోషేను అడిగి, ఆ రాత్రినుంచి తెల్లారి పొద్దెక్కేదాకా అతను చర్చి ప్రార్థనలో ఉన్నాడని పదిమంది చెప్పాక వదిలేశారు. వ్యానును అన్నకు అప్పగించారు. బాలయ్య దాన్ని తెచ్చి ఈ షెడ్డు ముందే నిలబెట్టి, కాటమరాజును పిలిపించాడు.

"పానా నీదేనా, తమ్ముడూ?" అని అడిగింది ప్రేమకుమారి.

"నాదే అక్కా." మోషే పెదవి చిట్లి మాట సరిగ్గా రావడంలేదు. "గొడవయినాక చెంచయ్యన్న మళ్ళీ వచ్చినాడు. కోపంలో కొట్టినా, ఏమనుకోవాకు అన్నాడు. పెద్ద పానా ఒకటి ఇయ్యి, పొద్దున్నే ఖాళీ బండి ఘాటు మీదికి తీస్కపోయి, యాడ ఆగితే ఆడనే విప్పి చూస్తానన్నాడు. ఇచ్చినా."

"ఎవరైనా చూసినారా?"

"ఎవరూ లేరు అక్కా. అదే చెప్తాంటే కొడతాండారు."

కాటమరాజు నవ్వాడు. ప్రేమకుమారి పట్టించుకోలేదు. బండికి ఏమేమి చేశావని అడిగింది. మోషే నొప్పి మధ్యలోనే ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాడు. ముందు ప్లగ్గులు మార్చాడు. తర్వాత ప్లగ్గు వైర్లు. గాలి ఫిల్టరు, గ్యాసు ఫిల్టరు శుభ్రం చేశాడు. ద్రవంగా వచ్చే గ్యాసును ఆవిరిగా మార్చి ఇంజనుకు పంపే రెడ్యూసరును విప్పి, లోపలి రబ్బరు పొర కొత్తది వేశాడు. దానికి వేడినీళ్ళు సరిగ్గా అందుతున్నాయో లేదో చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చదును రోడ్డు మీద బండి కూడా బాగానే పోతుంది. ఎత్తు ఎక్కేసరికి మాత్రం దగ్గడం మొదలుపెడుతుంది.

"పెట్రోలు మీద?"

"పెట్రోలు మీద అదే ఎత్తు పులి మాదిరి ఎక్కుతాది అక్కా."

"గ్యాసు ట్యాంకు చూసినావా?"

లేదన్నాడు మోషే. ట్యాంకు విప్పడానికి తనకు లైసెన్సు లేదు. పైగా అది పరీక్ష చేయించి సీలు వేయించిన ట్యాంకు. గ్యాస్ కిట్లు పెట్టే మస్తానయ్య దుకాణంలో కొన్నాళ్ళు ఉంచుకుని, పరీక్ష అయిందని తిరిగి బిగించి ఇచ్చారు.

"రోగం అంతకు ముందు ఉండెనా?"

మోషే తల పైకెత్తాడు. "లేదు అక్కా," అన్నాడు. "ఆ తర్వాతనే."

ప్రేమకుమారి లేచింది. మార్తమ్మను పిలిచి, ఆసుపత్రికి పోవడానికి ఆటో ఒకటి చూసుకుని రమ్మని పంపింది. తర్వాత వ్యాను తాళాలు తీసుకుని బయటికి నడిచింది. బాలయ్య, జాకీ రాడ్డు చేతిలోనే పట్టుకుని కాటమరాజు ఆమె వెనక వచ్చారు.

షెడ్డు ముందునుంచి రైలు కట్ట మీదికి ఎక్కే మట్టిదారి ఉంది. ఆమె చదునులోనే బండిని గ్యాసు మీద స్టార్టు చేసింది. ఇంజను నిలకడగా ఆడింది. యాక్సిలరేటరు తొక్కితే బాగానే లేచింది. అప్పుడు ముందు చక్రాలు కట్ట మీద, వెనక చక్రాలు కింద ఉండేలా ఎక్కించి నిలిపింది. ఇంజను ఊగడం మొదలైంది. ఒకసారి బ్యాక్‌ఫైర్ అయి ఢామ్మంది. మరికాసేపటికి ఆగిపోయింది. మీటనొక్కి పెట్రోలుకు మార్చి స్టార్టు చేసింది. అదే ఎత్తు మీద ఇంజను కుట్టుమిషను లాగా తిరిగింది. మళ్ళీ కిందికి దించి గ్యాసుకు మార్చింది. ఏ రోగమూ లేదు.

"ఏందమ్మా ఈ ఆట?" అన్నాడు కాటమరాజు. "చచ్చినోడికి తల పగిలితే నువ్వు బండికి నాడి చూస్తాండావు."

"ప్లగ్గుల్లో తప్పుంటే పెట్రోలు మీద కూడా దగ్గాల," అంది ప్రేమకుమారి బాలయ్య వైపు తిరిగి. "రెడ్యూసరులో తప్పుంటే చదునులో కూడా దగ్గాల. ముందు భాగం పైకి లేచినప్పుడే గ్యాసు అందటంలేదు. ట్యాంకులో సగానికి పైనే ఉందని మీటరు చూపిస్తాంది. అంటే ట్యాంకు లోపల గ్యాసు పీల్చే గొట్టం ఉండాల్సిన చోట లేదు. బండి ఎత్తెక్కితే గ్యాసు వెనక్కి పోతాది, గొట్టం గాల్లో మిగులుతాది. కంపెనీ ట్యాంకులో ఇట్ల జరగదు. ఎవరో దాన్ని కోసినారు."

ట్యాంకు కోయడం ఏమిటని బాలయ్య అడిగాడు. గొంతులో మార్పేమీ లేదు. ఎండగా ఉంది, జనం చూస్తున్నారు, బండిని లోపలికి తెమ్మన్నాడు. ఆమె వ్యానును వెనక్కి నడిపి షెడ్డులో గుంత పక్కనే నిలబెట్టింది.

వెనక తలుపు ఎత్తి సీటు తీసేసింది. ట్యాంకు బండికి అడ్డంగా పడుకుని ఉంది. దాని మీద కరెంటుతో మూసుకునే వాల్వు ఉండాలి. లేదు. చేతితో తిప్పే పాతరకం వాల్వు మాత్రమే ఉంది. సీలు కొత్తది, ట్యాంకు నంబరు అంకెలు మాత్రం అరిగినట్టు కనపడేలా గీకి ఉన్నాయి. ఆమె బకెట్టులో గుడ్డ ముంచి ట్యాంకు పొడుగునా తుడిచి, పక్కకు జరిగి నిలబడింది.

ఇంట్లో సిలిండరులో గ్యాసు ఎంత మిగిలిందో చూసుకోవడానికి ఆడవాళ్ళు చేసే పనే అది. గ్యాసు ఉన్న మేరకు ఇనుము చల్లగా ఉండి తడి నిలుస్తుంది, ఖాళీగా ఉన్న మేరకు ఆరిపోతుంది. ట్యాంకు ఎండలో కాలి వచ్చింది కాబట్టి ఎక్కువసేపు పట్టలేదు. తడి ఆరుతూ వచ్చి ఒకచోట ఆగింది. ఆ గీత ట్యాంకు పొడుగునా నీటిమట్టంలాగా అడ్డంగా పోవాలి. పోలేదు. ట్యాంకు సరిగ్గా నడుమ, పైనుంచి కిందికి నిలువుగా దిగింది. కుడివైపు సగం కింది భాగం తడిగా ఉంది. ఎడమవైపు సగం పైనుంచి అడుగు దాకా పొడిగా ఉంది.

"లోపల గోడ కట్టినారు," అంది ప్రేమకుమారి. వీల్ స్పానరు పిడితో రెండువైపులా తట్టింది. కుడివైపు మొద్దుగా పలికింది, ఎడమవైపు ఖాళీ డబ్బాలాగా మోగింది. "ఈ సగం గ్యాసుకు. ఆ సగం సరుకుకు. గోడ కట్టడానికి గొట్టం జరిపినారు, అందుకే బండికి రోగం. చెంచయ్య పానా తీసుకున్నది ఇది విప్పడానికే. సీటు ఊడదీసింది ఆయనే. మోషే కాదు."

కాటమరాజు ముఖంలో నవ్వు పోయింది. అతను మొరటువాడే కాని తెలివితక్కువవాడు కాదు. వంగి ట్యాంకు ఎడమ కొసను వేలితో తడిమాడు. ప్రేమకుమారి బ్లేడుతో అక్కడి పెయింటు గీకింది. పెయింటు కింద మెత్తటి లప్పం ఊడి వచ్చింది. అన్నం పళ్ళెమంత గుండ్రటి గీత బయటపడింది. మూత. గ్యాసు దగ్గర ఇనుము గీకితే పేలుతుందని కాటమరాజు అన్నాడు. ఇటువైపు గ్యాసు లేదని ఆమె చెప్పింది.

మూతకు పట్టుకోవడానికి రెండు గంట్లు ఉన్నాయి. కాటమరాజు వాటిలో పైపు పానా ఇరికించి ఎడమకు తిప్పాడు. కదల్లేదు. కుడికి తిప్పాడు. కదల్లేదు. మోకాలు ఆనించి బలమంతా పెట్టాడు. పానా జారి మెటికలు చిట్లాయి. బూతు తిట్టి మళ్ళీ ఇరికించాడు.

"అట్ల తిరగదు," అన్నాడు వెనకనుంచి బాలయ్య విసుగ్గా. "లోపలికి నొక్కి తిప్పాల."

కాటమరాజు నొక్కి తిప్పాడు. మూత ఊడి చేతిలోకి వచ్చింది. పచ్చితోలు కంపు, ఉప్పు కంపు ఒక్కసారిగా షెడ్డులోకి కొట్టాయి. లోపల ఉప్పుకళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. వాటికి పసుపుపచ్చటి వెంట్రుకలు, నల్లటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. మూలలో వంకర తిరిగిన గోరు ఒకటి, చిటికెన వేలంత, మాంసం పోగుతో సహా ఇరుక్కుని ఉంది. కాటమరాజు దాన్ని బయటికి తీసి వెలుగులో పట్టుకున్నాడు.

"పెద్దపులి," అన్నాడు.

ప్రేమకుమారి గోరు వైపు చూడలేదు. బాలయ్య వైపు చూస్తోంది.

"నొక్కాలని నీకెట్ల తెలుసు, బాలయ్యన్నా?"

బాలయ్య గుండు మీద చెయ్యి ఒకసారి రాసుకుని, "షట్టర్ దించు యల్లయ్యా," అన్నాడు.

యల్లయ్య లేచి ఎడమచేత్తో షట్టర్ గుంజి కిందికి దించేశాడు. ఇంతసేపూ అతన్ని కాటమరాజు మనిషి అనుకుంది ప్రేమకుమారి. కాదు. బాలయ్య గోడౌనులో తోళ్ళు వొలిచేవాడు. కాటమరాజుకు తోడుగా ఉండమని బాలయ్యే పంపాడు. షెడ్డులో వెలుగు సగం పోయింది. యల్లయ్య నడుములోంచి వంపు కత్తి బయటికి వచ్చింది.

"అన్నా, ఏంది ఇది?" అన్నాడు కాటమరాజు.

బాలయ్య బల్ల మీది కటింగ్ ప్లయర్ తీసుకుని ట్యాంకునుంచి ముందుకు పోయే రాగి పైపును పట్టుకుని వంచి తెంపేశాడు. గ్యాసు బుస్సున తెల్లటి పొగలాగా చిమ్మి నేలకు దిగింది. "గ్యాసు బండి," అన్నాడు నింపాదిగా. "ముందునుంచీ రోగమే. మెకానిక్ షెడ్డులో అంటుకునింది. ఎవరు కాదంటారు?"

"నేను కూడానా?"

"నువ్వూ చూసినావు కదా, కాటమరాజూ."

బాలయ్య షెడ్డు వెనక తలుపు వైపు నడిచాడు. వాల్వుకు, ప్రేమకుమారికి మధ్య యల్లయ్య కత్తి పట్టుకుని నిలబడ్డాడు. బరువైన గ్యాసు నేలమీద పాకుతూ గుంత అంచు దాటి లోపలికి జారుతోంది. లోపలనుంచి మోషే దగ్గు వినిపించింది. వ్యాను స్టార్టు చేసి షట్టర్‌ను గుద్దుకుని పోవచ్చు, కానీ తాళం తిప్పితే పుట్టే నిప్పురవ్వ ఒక్కటి చాలు. ఆమె కాటమరాజు వైపు చూసింది.

అతను అప్పటికే కదిలాడు. పైపు పానాతో యల్లయ్య ముఖం మీద కొట్టాడు. పళ్ళు రాలాయి. యల్లయ్య పడలేదు. ఎడమచేత్తో కత్తిని కాటమరాజు డొక్కలో దింపాడు. కాటమరాజు ఆ చేతిని కత్తితో సహా రెండు చేతులా అదిమి పట్టుకుని, "పో మేడం," అన్నాడు.

ప్రేమకుమారి వాళ్ళ పక్కనుంచి దూరి వాల్వు పట్టుకుంది. చిమ్ముతున్న గ్యాసు ఆమె వేళ్ళను మంచులాగా కరిచింది. చర్మం ఇనుముకు అంటుకుపోయింది. తిప్పింది. బిగుసుకుపోయి ఉంది. మళ్ళీ తిప్పింది. బుస తగ్గి, సన్నబడి, ఆగిపోయింది. చెయ్యి లాక్కుంటే రెండు వేళ్ళ చర్మం వాల్వు మీదే ఉండిపోయింది.

ఊపిరి బిగబట్టి గుంతలోకి దూకింది. మోషే ముఖం నీలంగా ఉంది. చంకల కింద చేతులు పెట్టి అతన్ని నిలబెట్టి అంచు మీదికి తోసింది. పైనుంచి ఒక చెయ్యి వచ్చి అతని చొక్కా పట్టుకుని లాగింది. అది కాటమరాజు చెయ్యి. రెండో చెయ్యి తన డొక్కను పట్టుకుని ఉంది, వేళ్ళ సందులనుంచి నెత్తురు కారుతోంది. యల్లయ్య అతన్ని వదిలించుకుని వెనక తలుపు దగ్గరికి పరిగెత్తాడు. తలుపు రాలేదు. బాలయ్య బయటనుంచి గడియ పెట్టాడు.

"అన్నా, నేను లోపలే ఉండా," అని యల్లయ్య తలుపు బాదాడు. "అన్నా, నేను."

షట్టర్ కింద మార్తమ్మ గొంతు వినిపించింది. ఆమె, ఆటో డ్రైవరు బయటనుంచి ఎత్తుతున్నారు. ప్రేమకుమారి లోపలనుంచి భుజం పెట్టింది. మూరెడు సందు రాగానే మోషేను కిందినుంచి బయటికి నెట్టి, కాటమరాజును నెట్టి, తను పాకింది. వెనక కిటికీ సందులోంచి మంటంటుకున్న గోనె ముక్క షెడ్డులో పడటం ఆమె చూసింది.

గుంతలోనుంచి నీలిమంట లేచి రేకులను తాకింది. ఒక్క క్షణమే. కానీ ఆ క్షణంలో యల్లయ్య దాని పక్కనే ఉన్నాడు. మంటలోనుంచి పరిగెత్తుకుంటూ వచ్చి షట్టర్ కింద పడ్డాడు. జనం మట్టి చల్లారు. వాల్వు మూసి ఉండటంవల్ల ట్యాంకు పేలలేదు.

బాలయ్య షెడ్డు పక్కనుంచి తన కారు దగ్గరికి నడుస్తున్నాడు. పరిగెత్తడంలేదు. మార్తమ్మ నేలమీద పడి ఉన్న జాకీ రాడ్డు చూసింది. ఇందాక బండి చూడటానికి వచ్చినప్పుడు కాటమరాజు బయటే వదిలేసిన రాడ్డు అది. తీసుకుని అతని వెనక నడిచి, రెండు చేతులా ఎత్తి మోకాలి మీద కొట్టింది. అతను పక్కకు ఒరిగాడు. రెండో మోకాలి మీద కూడా కొట్టింది. తర్వాత రాడ్డు అక్కడే పడేసి భర్త దగ్గరికి వెళ్ళిపోయింది.

పోలీసులు వచ్చేలోపల ప్రేమకుమారి బాలయ్య పక్కన మట్టిలో కూర్చుంది. కాలిన వేళ్ళకు ఎవరో తడిగుడ్డ చుట్టారు. కాటమరాజు ఆటో చక్రానికి ఆనుకుని, డొక్కకు తలగుడ్డ అదిమి పట్టుకుని, వాళ్ళ వైపే చూస్తున్నాడు. అంబులెన్సు వస్తోందని చెప్పినా పడుకోలేదు.

ఇన్ని బళ్ళుండగా తమ్ముడి బండే ఎందుకని ఆమె అడిగింది. దాచడానికి ఇంకేమీ లేదని బాలయ్యకు తెలుసు. అడవి చెక్‌పోస్టులో చెంచయ్య బండిని ఎవరూ ఆపరని చెప్పాడు. రోజూ నవ్వుకుంటూ పోయే మనిషి, ఒక్కసారి కూడా తప్పు చేసి ఎరగడు. మస్తానయ్య ట్యాంకు మార్చాడు. గ్యాసు పట్టే నెపంతో సరుకు పెట్టడం, నంద్యాలలో తియ్యడం అంతా అతనే చూసుకునేవాడు. చెంచయ్యకు ఏమీ తెలియదు. బండి దగ్గుతోందని మాత్రమే తెలుసు.

"ఎత్తు దగ్గర పెట్రోలుకు మార్చుకోరా అని ఎన్నిసార్లో చెప్పినా," అన్నాడు బాలయ్య. "వినలా. బండికి రోగముంటే వానికి నిద్ర పట్టదు."

ఆ పొద్దున తోలు ట్యాంకులోనే ఉంది. మస్తానయ్య మోటారు సైకిలు మీద దూరంగా వెంట వెళ్ళాడు. చెంచయ్య ఘాటు మీద ఆగి, సీటు తీసి, మూత చూశాడు. నొక్కుడు ఎలా కనిపెట్టాడో గాని తెరిచేశాడు. మస్తానయ్య వెనకనుంచి వచ్చి అక్కడే ఉన్న పానాతో కొట్టి, తోలు తీసుకుని, మూత బిగించి వెళ్ళిపోయాడు.

"ఒక్క దెబ్బే కొట్టినానని మస్తానయ్య చెప్పినాడా?" అని అడిగింది ప్రేమకుమారి.

బాలయ్య ఆమె వైపు చూశాడు.

వచ్చే దారిలోనే శవపరీక్ష చేసిన డాక్టరుతో ఫోనులో మాట్లాడానని ఆమె చెప్పింది. దెబ్బలు రెండు. మొదటిది తల వెనక. దాని నెత్తురు గడ్డకట్టాక, చాలాసేపటికి, రెండోది నుదుటి మీద పడింది. ఎదురుగా నిలబడి కొట్టిన దెబ్బ అది. ఆ మధ్యలో చెంచయ్య బతికే ఉన్నాడు. రోడ్డు మీదనుంచి బండి దగ్గరికి పాకాడు. పొదల్లోకి ఈడ్చింది రెండో దెబ్బ తర్వాతే.

"ఆ మధ్యలో ఏం జరిగింది, అన్నా?"

బాలయ్య షెడ్డు వైపు తల తిప్పాడు. షెడ్డులోనుంచి కాలిన రబ్బరు పొగ వస్తూనే ఉంది.

"ఫోను చేసినాడు," అన్నాడు.

"ఎవరికి?"

"నాకు. అన్నా, ఎవరో తలమీద కొట్టినారు, కండ్లు కనపడటంలేదు, బండిలో ఏందో తోలు ఉండాది, నాకేం తెలియదు అన్నాడు. భయమేస్తాంది, నువ్వు రా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"యాడికీ కదలవాకు, బండి దగ్గరే ఉండు, వస్తాండా అన్నా." బాలయ్య విరిగిన మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "సరే అన్నా, ఈడనే కూర్చుంటా అన్నాడు. ఫోను పెట్టేసి మస్తానయ్యకు చేసినా. ఇంకా బతికే ఉండాడు, మళ్ళీ పో అని చెప్పినా."